ఏ పికప్పు వెయ్యమంటావు బావా?

ఇదీ వద్దు ఎలీయాజరూ. విప్పీ. గిటారుకి వేసి నెల కాలేదు, అప్పుడే మూగదైపోయింది.

అలా చూడకు నాయనా. తెలుసు, ఇది మూడో జత. మొదట తీగల మోత పట్టడానికి ఒంటి కాయిలు పికప్పులు వేశావు. "గాజు గ్లాసు మీద చెంచాతో కొట్టినట్టు పలుకుతాది బావా" అన్నావు. ఏదీ గాజు? గుయ్యిమని మోత తప్ప నాకు మరేటీ వినబడలేదు. తరవాత జోడు కాయిలువి వేశావు. మోత పోయింది. దాంతోపాటు పాట కూడా పోయింది, తలగడలో మొహం పెట్టి పాడినట్టు. మూడోసారి మెడ దగ్గర జోడుది, బ్రిడ్జి దగ్గర ఒంటిది, మధ్యన స్విచ్చి. "ఎటు తిప్పితే అటు పాడతాది, ఇంక మా అక్క నన్ను సాధించదు" అన్నావా, లేదా?

ఏటి? నీ కొట్టు ముందు ఆ మినీబస్సు పోనీ, అప్పుడు చెప్పు.

పోయిందా? ఎప్పుడు?

సరేలే. లోకంలో లేనిది అడిగానా నేను? అన్నిటికీ పనికొచ్చే గిటారు. ఆదివారం మా తెలుగు చర్చిలో కీర్తనలకి మెత్తగా ఉండాలి. పెళ్ళి బ్యాండులో డ్రమ్ముని మించి మోగాలి. దుర్గాపూజల్లో మా పాడా, అదే మా పేట కుర్రాళ్ళు పిలిస్తే వాళ్ళ ఫంక్షన్లో హిందీ పాటలకి కీచుమనాలి. ఈ మూడో సంగతి పాస్టరుగారికి తెలీదు, తెలిసినా తెలీనట్టుంటారు. జనరల్ బోగీ లాంటి గిటారు కావాలన్నాను, అంతే. అందరూ ఎక్కాలి.

నా వాయింపేమన్నా గొప్పదా? ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. మూడు కార్డులు, అదే తీగల మీద వేళ్ళ పట్లు, తెలుసు, నాలుగోది పట్టుకోబోతే వేలు జారి మళ్ళీ మూడోదాని మీదే పడతాది. అయినా ముప్ఫై ఏళ్ళుగా భరిస్తన్నారు. క్రైస్తవులు కదా మరి!

ఈ గిటారు మోసుకుని లిలువా నుంచి లోకల్ రైల్లో వేలాడి, హౌరాలో దిగితే ఎదురుగా మిఛిలు, పార్టీవాళ్ళ ఊరేగింపు. ఎర్రజెండాల మధ్య దీన్ని నెత్తిన పెట్టుకుని నడిచాను. ఒకాయన నన్ను చూసి ఏదో అన్నాడు. నవ్వాను. తిట్టాడేమో కూడా. ఈమధ్య ఎవరేమన్నా నవ్వుతన్నాను, అదొక్కటే అన్నిటికీ సరిపోయే జవాబు.

నువ్వు గార్డెన్ రీచ్‌లో పెరిగినోడివి, ఓడల రేవోళ్ళకి మా రైలోళ్ళ సంగతి తెలీదు. కార్ఖానాలో నా పనేటి? సుత్తితో రైలు చక్రాన్ని కొట్టడం, వినడం. మంచి చక్రం ఖంగుమంటాది. బీటేసింది ఠప్పుమంటాది. ఠప్పుమంటే సుద్దతో ఇంటూ గుర్తు వేసి పక్కన పెట్టించడం. ఇరవై ఆరేళ్ళు అదే పని. మోగలేదంటే తప్పు ఇనుములో ఉన్నట్టే. వినేవాడిలో కూడా బీట ఉండొచ్చని మాకెవరూ నేర్పలేదు.

అందుకే గిటారు మోగకపోతే పికప్పు మార్చమన్నాను. మళ్ళీ మోగలేదు, మళ్ళీ మార్చమన్నాను. అర్థమవుతందా?

పోయిన పూజల ముందు ఒక్క వారంలో పదకొండు చక్రాలకి ఇంటూ గుర్తు పెట్టాను. చార్జిమేను సోమయాజులుగారు నా చేతిలో సుత్తి తీసుకుని ఒకటొకటీ కొట్టుకుంటూ వెళ్ళారు. ప్రతి దెబ్బకీ ఆయన తల ఊగుతంది, కచేరీ విన్నట్టు. చివరికి నా భుజమ్మీద చెయ్యేసి ఏదో అన్నారు. నవ్వాను. "చక్రాలన్నీ బంగారంలా ఉన్నాయి, నువ్వు రేపు ఆసుపత్రికి వెళ్ళు జ్ఞానానందం" అన్నారట పాపం.

అక్కడ చెవులకి డొప్పలు తగిలించి, శబ్దం వినబడితే మీట నొక్కమన్నారు. డాక్టరమ్మ వేలు కదిలినప్పుడల్లా నొక్కాను. ఫస్టుక్లాసులో పాసైపోదును. ఆవిడ గడుసుది. నా కుర్చీ గోడవైపు తిప్పించింది. ఇంక నాకు మీటతో పని పడలేదు.

పై స్వరాలు పోయాయట. తిరిగి రావట. మెల్లగా కిందవీ పోతాయట.

మీ అక్కకి చెప్పలేదు. చెప్తే గిటారు దింపెయ్యమంటాదని... కాదు. అబద్ధం. చెప్తే డోర్కాస్‌కి ఇంకోటి తెలిసిపోతాది. తన గొంతు నాకు వినబడటం లేదని. మీ అక్కది పైశ్రుతి కదా. పెళ్ళైనప్పటి నుంచీ ఆ గొంతు పట్టుకునే నేను పాట దాటాను. మొదట్లో తను "స్తోత్రం" అంటే నాకు "ఓత్రం" అని వినబడింది. దీనికి అప్పుడే పళ్ళు ఊడిపోయాయేటి అనుకున్నాను! ఇప్పుడు ఆ ఓత్రమూ లేదు. పాడుతుంటే తన భుజం చూస్తాను. ఊపిరి తీసుకున్నప్పుడు లేస్తాది. అక్కడ కార్డు మారుస్తాను.

మొన్న ఈస్టరు సంగతి విను. నువ్వు ఈ జత వేసి పంపినాక మొదటి ఆరాధన అదే. ట్రెబులూ, వాల్యూమూ చివరికంటా తిప్పాను. అంతకుముందు వారాల్లోనూ అలాగే తిప్పేవాణ్ణి. ముందు బెంచీల్లో పసిపిల్లలు ఏడవడం, ముసలమ్మలు చెవుల మీదకి కొంగు లాక్కోవడం చూసి, నా వాయింపుకి కదిలిపోతన్నారనుకునేవాణ్ణి.

ఈస్టరు రోజు ఎవరూ ఏడవలేదు. పాస్టరు యెషయాగారు కళ్ళు మూసుకుని చేతులెత్తారు. గిటారు నా పొట్టకి ఆనుకుని సన్నగా వణుకుతంది, ఆ వణుకే నాకు పాట. అబ్బ, ఎలీయాజరు చెయ్యి పడింది, ఇన్నాళ్ళకి సరైన పికప్పు దొరికింది అనుకున్నాను. ఆఖరి కీర్తనకి నాకే కళ్ళంట నీళ్ళు.

అయిపోయాక వైరు చుట్టుకోవడానికి వెనక్కెళ్ళాను. ఆంప్లిఫయరు ఎర్రదీపం వెలగటం లేదు. లోడ్‌షెడ్డింగేమోనని పైకి చూశాను. ఫ్యాను తిరుగుతంది. డబ్బా మీద చెయ్యి వేశాను. రెండు గంటలు పాడిన డబ్బా, అన్నం గిన్నెలా కాలాలి కదా? చల్లగా ఉంది ఎలీయాజరూ. స్విచ్చి తీసేసి ఉంది. ఆ స్విచ్చి పక్క కుర్చీ మీ అక్కది.

తల తిప్పితే నన్నే చూస్తంది. చటుక్కున పాటల పుస్తకం తెరిచి చదవడం మొదలెట్టింది. ఆరాధన అయిపోయాక!

ఆ మధ్యాహ్నం మాంసం కూరలో మూలగ ఎముకలన్నీ నా కంచంలోనే వేసింది. ఏటి విశేషమని అడగలేదు. తిన్నాను. తరవాత రెండు ఆదివారాలు. రెండు సార్లూ డబ్బా చల్లగానే ఉంది, రెండు మధ్యాహ్నాలూ మూలగ ఎముకలే. ఇలాగే ఇంకో ఆర్నెల్లు సాగితే ముందు చెవులు కాదు, గుండె పోతాది నాకు.

కుర్రాళ్ళెవరైనా చేస్తే కోపమొచ్చేది. మొన్న ఓరకంట చూశాను. స్విచ్చి మీదకి చెయ్యి చాపి, వెనక్కి తీసుకుని, మళ్ళీ చాపింది. పెదాలు మట్టుకు కీర్తన పాడతన్నాయి.

అందుకే వచ్చాను. ఆ పికప్పులు రెండూ పీకీ. ఉత్త మూతలు బిగించు. లోపల కాయిలూ వద్దు, అయస్కాంతమూ వద్దు. పైకి మట్టుకు ధగధగలాడాలి.

వైరు ఊడదీస్తే పోదా అంటన్నావా? నేను ఊడదీస్తే నాకు తెలిసినట్టే కదరా. మూతలైతే ఎవరు విప్పి చూస్తారు? దీపం వెలుగుతున్నా డబ్బా నోరెత్తదు. చెడిపోయిందనుకుంటాది మీ అక్క. బాగు చేయించమని మాత్రం అనదు, చూడు. దేవుడి ఇంట్లో, నా వీపు వెనక, దొంగలాగ చెయ్యి చాపే పని తప్పుతాది దానికి.

తల అడ్డంగా ఊపకు. మానెయ్యమంటావా? మానెయ్యొచ్చు. అప్పుడు నేను బెంచీలో కూర్చోవాలి. పాట అయిపోయినాక తను నావైపు చూస్తాది, ఎలా పాడాను అన్నట్టు. అప్పుడేం మొహం పెట్టను? గిటారు పట్టుకుని నిలబడ్డంతసేపే నేను వింటన్నట్టు.

అదిగో, నువ్వు కూడానా? కళ్ళు తుడుచుకో, కౌంటరు ముందు మనుషులున్నారు. స్క్రూడ్రైవరు తీయ్.

ఒక మాట. మీ అక్కకి చెప్పకు. నవ్వకు కూడా. ఈస్టరు రోజు ఒక్క తప్పు పోలేదురా నాకు. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి. ఎవరికీ వినబడలేదు గానీ, భలే వాయించాను.