ఒక సెంటీమీటరు

హల్దియాపదర్‌లో శ్యామసుందర్ మాస్టారి ఫిజిక్స్ ట్యూషన్. ప్లస్ టూ పిల్లలంతా వెళ్ళిపోయినా, సముద్రపొడ్డు పల్లె నుంచి వచ్చే దుర్గాభవానిని మాత్రం పరీక్ష కాగితం పట్టుకుని ఆయన నిలబెట్టేశాడు.

"ఎక్కడ కాపీ కొట్టావే?"

"కొట్టనేదు సార్."

"కొట్టలేదా? చెక్కలోకి మూడు సెంటీమీటర్లు దిగేసరికి గుండు వేగం సగమైంది, ఇంకెంత దిగి ఆగుతుందీ అనడిగితే క్లాసు క్లాసంతా మూడే రాశారు. నువ్వొక్కదానివే ఒకటి అని రాశావు."

"ఒకటి తప్పా సార్?"

"రైటే! అదే నా మంట. వేగం సగమైతే కైనెటిక్ ఎనర్జీ పావు వంతే మిగులుతుందని ఒక్క ముక్క లేదు. ఫార్ములా లేదు. ఆకాశంలోంచి ఊడిపడిందా జవాబు?"

"తెలుసు సార్."

"ఏం తెలుసు?"

"సగం జోరుతో వొచ్చిన గుండు సగం లోతు దిగదు. పావే దిగుతాది."

"ఎవరు చెప్పారు?"

"ఇసక."

"వెటకారమా? నాతోనా?"

"వెటకారం కాదు! మా ఊరి పక్క మిలట్రీ ఫైరింగ్ రేంజిలో కాల్సిన గుండ్లు ఇసక దిబ్బలోకి దిగిపోతాయి. తవ్వి సీసం అమ్ముతాం. దగ్గిర్నించి కాల్సినవి మోచెయ్యి ములిగితేగానీ దొరకవు. దూరంనించి నీరసంగా వొచ్చినవి సేతి ఏళ్ళు ములిగితే సాలు. ఎంత లోతు తవ్వాలో మా నాన సెప్తాడు."

"లోపలికి రావొద్దని బోర్డు కట్టారు కదే!"

"బోర్డు తింటే కడుపు నిండదు సార్."

"నోరు ముయ్యి! ఆడపిల్లని అక్కడికి పంపుతాడా మీ నాన్న? ఏం మనిషే వాడు?"

"ఎవులూ పంపనేదు, నేనే ఎల్తన్నాను. మా నానని ఏటీ అనకండి."

"అంటాను! ఇంక పంపనని రేపు ఆయన చేత సంతకం పెట్టించుకురా. లేకపోతే ఎంట్రన్సు బ్యాచిలోంచి నీ పేరు కొట్టేస్తా."

"కొట్టీకండి సార్. ఈ బ్యాచి పోతే నాకింక సదువు నేదు. అమ్మ పెడతాది సంతకం."

"నాన్నే పెట్టాలి."

"అమ్మ పెడతాది సార్."

"నాన్నే అన్నాను! ఏం, సంతకం రాదా ఆయనకి?"

"ఎందుకు రాదూ? కూర్మారావు అని రాసి, కింద గీత కూడా గీసీవోడు."

"మరింకేంటే నీ బాధ?"

"పేలని బాంబుని గుండనుకొని లాగీసినాడు సార్. ఏ సేత్తో పెట్టమంటారు సంతకం?"