రహమత్ వదిలేసిన రెండు ఖాళీలు

ఏమన్నావ్? నా దగ్గర చదువుకున్నవాళ్ళల్లో గట్టిమనిషి ఎవరనా? రహమత్ అని చెబుతానే అమ్మలూ. బళ్ళో పిల్ల కాదులే. నేను ఉయ్యూరులో రిటైరై విజయవాడ వచ్చాక, పక్కవాటాలో ఉండేది. ఇదంతా జరిగి ముప్పై... ముప్పై అయిదేళ్ళయిందేమో. సిటీబస్సు టికెట్టు రూపాయిన్నర ఉన్న రోజులు.

గవర్నర్‌పేటలో మందుల హోల్‌సేల్ కొట్లో పెట్టెలు మోసేది. నడుం పోయింది. బరువులెత్తొద్దన్నాడు డాక్టరు. కొట్లో కూచుని చేసే పని ఒక్కటే ఉంది, ఫోన్లో చెప్పే మందుల పేర్లు ఇంగ్లీషులో రాసుకోవడం. "నెల్రోజుల్లో నేర్చుకో, పరీక్ష పెడతా" అన్నాడట ఓనరు. లేకపోతే పని మానుకోవాల్సిందే. నేర్పమని నా దగ్గరికొచ్చింది.

తెలుగు చదువొచ్చు, ఏబీసీడీలూ వచ్చు. అచ్చుల దగ్గరే చిక్కంతా. "మనకన్ని అచ్చులుంటే వీళ్ళకి అయిదేనా టీచర్ గారూ, ఎట్లా సరిపోతాయండీ?" అంది. "ఒక్కొక్కటీ నాలుగు డ్యూటీలు చేస్తుందమ్మా" అన్నా. అంతే, పట్టుకుంది! గడ్డం కింద వేలు పెట్టుకుని పిన్, పెన్, ప్యాన్ అంటూ నోరు ఎంత తెరుచుకుంటుందో చూసుకునేది. ఒక్కో శబ్దానికి ఒక్కో అట్టముక్క, మందుల డబ్బాలవి, దాని మీద ఆ శబ్దమున్న మాటలు. ఉల్లిపాయలు తరుగుతూ కూడా అదే గోల. వాళ్ళాయన బాషా, "టీచర్ గారూ, ఇంట్లో మేకను కట్టేశారనుకుంటున్నారండీ వీధిలోవాళ్ళు" అనేవాడు. "నువ్వు గడ్డి వెయ్యి మరి" అనేది. నాకు ముప్పై ఏళ్ళ సర్వీసులో అట్లా నేర్చుకున్నవాళ్ళు కనపళ్ళేదే.

పరీక్ష రోజు పొద్దున, బళ్ళో పిల్లలకి చెప్పినట్టే చెప్పా: "ఖాళీ వదలకు, రాకపోయినా ఏదోటి రాయి."

అదే పని కోసం కొట్లో గుమాస్తా ఒకడు కూడా రాశాట్ట. ఓనరు లోపలి గదిలోంచి ఫోన్లో పది పేర్లు చెప్పాడు. ఇద్దరికీ రెండు ఫోన్లిచ్చారు... కాదు కాదు, ఒకరి తర్వాత ఒకరు. ఈవిడ "అయ్యా, మళ్ళీ చెప్పండి, నోరు తెరిచి చెప్పండి" అని మూడేసి సార్లు అడిగిందట. కొట్లో అందరూ నవ్వారు. ఎనిమిదే రాసింది. రెండు చోట్ల 'కనుక్కోవాలి' అని తెలుగులో రాసి వదిలేసింది.

"ఇవి రాయలేదేం?" అన్నాడు ఓనరు.

"తేల్లేదండీ. అక్షరం మారితే మందు మారిద్దండీ."

గుమాస్తా పదీ రాశాడు. మూడు వేరే మందులయ్యాయి. ఓనరు ఆ కాగితం పక్కన పెట్టి, "రేపట్నించి ఫోను దగ్గర కూచో రహమత్" అన్నాడు.

సాయంత్రం నా గుమ్మంలో నిలబడి, మొహం దించుకుని, "మీ మాట వినలేదు టీచర్ గారూ" అంది. ఎంతమంది పిల్లలకి ఆ మాట నేర్పానో! లోపలికి రమ్మని పంచదార తెచ్చి నోట్లో పోశా.

ఇప్పుడెక్కడుందో గానీ... సరే, ఇటు రా. చల్లగా ఉండు నా తల్లీ. నలుగురు నవ్వినా సరే, తెలీంది మళ్ళీ అడిగే నోరు నీకూ ఉండాలి.