వెల్ల వేసిన మేడ

పాతపేటలో కొత్తగా అద్దెకు దిగిన ఆమె, పేట విశేషాలు చెప్పే గైడు వెంట తిరుగుతూ తన ఇంటి ముందుకే వచ్చింది.

"దగ్గరికెళ్ళకండి. వెనక గోడ కుంగిందని ఈ మేడ ఖాళీ చేయించారు."

"ఖాళీ ఏంటండీ? మేం ఉంటున్నది ఇందులోనే!"

"అయ్యయ్యో! అద్దెకెవరిచ్చారమ్మా?"

"ఇంటాయనే. కొత్తగా వెల్ల కూడా వేయించాడు."

"పగుళ్ళు కప్పెట్టడానికి వేయించుంటాడు. పైన ఎవరైనా ఉన్నారా?"

ఆమె పై అంతస్తు కిటికీ వైపు చూసింది.

"మా అమ్మ ఉంది. మోకాళ్ళ నొప్పులు, మెట్లు దిగలేదు."

"పదండి, కుర్చీతో సహా దించేద్దాం."

ఇద్దరూ మోసుకొస్తుంటే తల్లి తెల్లబోయింది.

"పేట చూడ్డానికెళ్ళింది నువ్వు కదే! నన్నెందుకు ఊరేగిస్తున్నావు?"

వీధిలోకి దించాక కూడా కూతురి చేతులు కుర్చీని వదల్లేదు.