డ్రిల్ టీచరుకి పైథాన్ పాఠం

బడి విడిచారు. కంప్యూటర్ గదిలో ఇద్దరే మిగిలారు: పద్దెనిమిదేళ్లుగా పిల్లలకు ఆటలు నేర్పిన డ్రిల్ టీచరు, పన్నెండేళ్లుగా ఆ గదిని చూసుకుంటున్న ముసలి అటెండరు.

"స్క్రీను మీద మళ్లీ ఎర్రగా వచ్చింది బాబాయ్."

"ఏమంటోంది?"

"ఏమంటుంది, నాకు బుద్ధి లేదంటోంది."

"ఆ మాట అది అనదమ్మా. అన్నిటికంటే కింద లైను చదువు. అసలు సంగతి అక్కడే ఉంటుందని చెప్పానా?"

"చదివాను. ప్రింట్ అంటే ఏంటో తెలీదంటోంది. నిన్న తెలుసు, ఇవాళ తెలీదట. నాకంటే దీనికే మతిమరుపు ఎక్కువలా ఉంది."

"నిన్న చిన్న పీ కొట్టావు. ఇవాళ పెద్ద పీ కొట్టావు."

"ఏదైనా పీయే కదా."

"మనకి. దానికి కాదు."

"పద్దెనిమిదేళ్లు విజిల్ ఊదాను. గట్టిగా ఊదినా మెల్లగా ఊదినా పిల్లలు ఆగేవాళ్లు. దీనికి పెద్ద పీ వేరట, చిన్న పీ వేరట."

"పిల్లలకి నువ్వంటే భయం. దీనికి భయమూ లేదు, భక్తీ లేదు. మార్చి కొట్టు."

"కొట్టాను. ఆ, వచ్చింది. హలో అంది. ఈ ముక్క అనిపించడానికి నాలుగు రోజులు పట్టింది నాకు."

"నాలుగు రోజుల్లో హలో ఒక్కటేనా? వేరియబుల్ వచ్చింది. ఇఫ్ వచ్చింది."

"ఇఫ్ వచ్చిందని నువ్వనుకుంటున్నావు. ఒక ఈక్వల్ పెడితే ఒక అర్థం, రెండు పెడితే ఇంకో అర్థం. ఎప్పుడు ఒకటి, ఎప్పుడు రెండు, తల ప్రాణం తోకకొస్తోంది."

"ఒకటి పెడితే చెప్తున్నావు. రెండు పెడితే అడుగుతున్నావు. వయసు పన్నెండు అని చెప్పడం వేరు, వయసు పన్నెండేనా అని అడగడం వేరు. టీములోకి పిల్లల్ని తీసుకునేటప్పుడు అడగవా?"

"అడుగుతాను. అబద్ధం చెప్తారు."

"ఇది చెప్పదు. అవునంటే అవును, కాదంటే కాదు."

"ఆ కిటికీ వెయ్యి బాబాయ్. కంకర లారీ చప్పుడుకి నా బుర్ర పని చెయ్యట్లేదు."

"వేస్తే ఉక్కపోస్తుంది."

"పొయ్యనీ. లాంగ్ జంప్ గుంట ఉన్నచోటే కొత్త బిల్డింగుకి పిల్లరు వేస్తున్నారు, చూడు. ఆ ఇసక నేనూ పిల్లలూ బకెట్లతో మోసుకొచ్చాం."

"అటు చూడకు. స్క్రీను చూడు."

"గ్రౌండే లేనప్పుడు డ్రిల్ టీచర్ ఎందుకన్నారు. కంప్యూటర్ పోస్టు ఖాళీగా ఉందిగా, అది చెప్తానండీ అని నోరు జారాను. హెడ్ మేడమ్ అక్కడికక్కడే పట్టుకుంది. సోమవారం పైథాన్ పరీక్ష రాయండి, పాసైతే ఉంటారు, లేకపోతే లేదు. కుర్చీలోంచి లేవకుండానే చెప్పింది."

"నోరు జారడం ఏముంది. ఉద్యోగం నిలబెట్టుకుంటున్నావు."

"ఇంట్లో జీతం నాదొక్కటే బాబాయ్. పిల్ల నర్సింగు రెండో ఏడు. దానికింకా చెప్పలేదు."

"చెప్పాల్సిన అవసరం రాదులే. నిన్న ఇచ్చిన లెక్క చేశావా?"

"చేశాను. అయిదూ అయిదూ కూడితే యాభై అయిదట. ఒకటో క్లాసు పిల్లకాయ కూడా నవ్వుతాడు."

"ఇన్‌పుట్ పెట్టి తీసుకున్నావు కదా. అలా తీసుకుంటే అంకెని కూడా మాటలాగే తీసుకుంటుంది. ముందు దానికి ఇంట్ తొడుగు, అప్పుడు అంకెలా చూస్తుంది."

"అంకె అంకెలా కనబడుతుంటే మాటంటావేంటి?"

"జెర్సీ మీద ఏడు ఉన్న పిల్లాడి పక్కన మూడు ఉన్నవాణ్ణి నిలబెట్టావనుకో. పది కనబడుతుందా?"

"లేదు. డెబ్భై మూడు కనబడుతుంది."

"ఇదీ అంతే."

"ముందే ఇలా చెప్పొచ్చుగా."

"నిన్న చెప్పాను. నువ్వు ఏడుస్తున్నావు."

"ఏడవలేదు. కళ్లు మండాయి."

"సరే, మండాయి. ఇప్పుడు ఫర్ లూప్ రాయి. చివర రెండు చుక్కలు మర్చిపోకు."

"పెట్టాను. అయినా ఎర్రగానే వచ్చింది."

"కింద లైను జరపలేదు. నాలుగు ఖాళీలు వదిలి మొదలుపెట్టాలి."

"ఖాళీకి కూడా అర్థమేనా? ఏమీ రాయని చోట కూడా తప్పు చేశానంటోందా ఇది?"

"ఏ లైను ఎవరి కింద ఉందో దానికి తెలియాలి కదా. పిల్లల్ని వరసలో నిలబెట్టడం నీకు తెలీనిదా?"

"నాకు తెలిసిందంతా దీంట్లో కలిపేసి ఊరించకు బాబాయ్. వరసలు వేరు, ఇది వేరు. అక్కడ పిల్లాడు తప్పు నిలబడితే భుజం పట్టుకుని జరిపేదాన్ని. ఇక్కడ ఎవరి భుజం పట్టుకోను? ఇంక చాలు. నా వల్ల కాదు. ఎక్కడైనా బట్టల షాపులో నిలబడతాను."

"కూర్చో."

"నలభై నాలుగేళ్లు వచ్చాయి నాకు."

"నేను మొదలుపెట్టేటప్పటికి నలభై ఆరు. కూర్చో అమ్మా. శుక్రవారం లోపల లిస్టులు కూడా అయిపోవాలి."

"పరీక్ష సోమవారం కదా. శని, ఆదివారాలు ఉన్నాయిగా."

"శుక్రవారానికైతే మంచిది."

"ఎందుకు?"

"కాలు కదపకు, అక్కడ ప్లగ్గు వదులుగా ఉంది."

"ఎందుకు అంటే ప్లగ్గు అంటావేంటి?"

"నాలుగు ఖాళీలు కొట్టావా?"

"కొట్టాను. అరే. వచ్చింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు... దానంతట అదే వేసుకుపోయింది."

"చూశావా."

"నిజం చెప్పు బాబాయ్. ఆ పరీక్ష నువ్వెందుకు రాయవు? నాకంటే నీకే బాగా వచ్చు కదా."

"డిగ్రీ ఉండాలి. నేను పదోది రెండుసార్లు తప్పాను."

"మరి ఇదంతా ఎలా వచ్చింది?"

"ఈ గదిలో అయిదుగురు టీచర్లు మారారు. వెనక స్టూలు మీద కూర్చుని వినేవాణ్ణి. మొదటాయన చెప్పింది ఒక్క ముక్క అర్థం కాలేదు. రెండో ఆవిడ దగ్గర సగం అర్థమైంది. నాలుగో ఆయన మధ్యాహ్నాలు కునుకు తీసేవాడు, అప్పుడు పిల్లలకి నేనే చెప్పాను. వాళ్లు అడిగినవాటికి జవాబు తెలీక ఇంటికెళ్లి కుస్తీ పట్టేవాణ్ణి. నాకు వచ్చిందంతా అలా వచ్చిందే."

"హెడ్ మేడమ్‌కి తెలుసా?"

"ఆవిడకి తాళాలు పోకుండా ఉంటే చాలు. సరే, లిస్టు. చదరపు బ్రాకెట్లు పెట్టి, పండ్ల పేర్లు ఒక అయిదు రాయి."

"పండ్ల పేర్లు విసుగు బాబాయ్. ఇదిగో, డెస్కుటాప్ మీద స్టాఫ్ అని ఒక ఫైలుంది. వచ్చే ఏడాదిదట. ఇది తీసుకుంటాను."

"అది వద్దులే. పండ్లు రాయి."

"మనవాళ్లదేగా. తెలిసినవైతే తప్పు పోయినా తెలుస్తుంది."

"అది ఆఫీసుదమ్మా. నన్ను టైపు చెయ్యమని ఇచ్చారు. మూసెయ్."

"చెరపనులే. కాపీ చేశాను, అంతే. కామాలు, కోట్స్ పెడుతున్నాను. ఫర్. రెండు చుక్కలు. నాలుగు ఖాళీలు. చిన్న పీ. చూడు, ఒక్క తప్పు కూడా లేకుండా కొట్టాను."

"బాగా కొట్టావు. ఇవాళ్టికి చాలు, లే. స్విచ్చులు ఆపాలి."

"ఆగు, నడిపించనీ. హెడ్ మేడమ్... లెక్కల టీచర్... సైన్స్ టీచర్... గుమస్తా, వాచ్‌మన్, ఆయా. బాబాయ్, కంప్యూటర్ టీచర్ అని కూడా ఉంది. అంటే నేను. పాసవక ముందే వేసేశారే నన్ను."

"వేశారు. అందుకే ధైర్యంగా రాయమంటున్నాను. పద."

"లెన్ కూడా చేసి లేస్తాను. ఎంతమందో అదే చెప్తుందన్నావుగా. పద్నాలుగు అంది."

"చాలు, ఆపెయ్."

"ఎలా చాలు? మనం పదిహేను మందిమి. మొన్న గ్రూపు ఫోటోకి కుర్చీలు వేసింది నేనేగా."

"ఏదో పొరపాటయ్యుంటుంది. రేపు చూద్దాం."

"తప్పు దొరక్కుండా లేవొద్దని నాలుగు రోజులుగా నా ప్రాణం తీసింది నువ్వే. ఇది సున్నా నుంచి లెక్కపెడుతుంది కదా, ఒకటి తగ్గించి చెప్తోందా?"

"లేదు. వరస నంబర్లే సున్నా నుంచి. ఎంతమంది అంటే ఉన్నంతమందినీ చెప్తుంది."

"అయితే కాపీ చెయ్యడంలో ఒకరిని వదిలేశాను. వేళ్ల మీద చూస్తాను, ఉండు. టీచర్లు హెడ్ మేడమ్‌తో, నాతో కలిపి పది. గుమస్తా పదకొండు. వాచ్‌మన్, ఆయా, తోటమాలి. పద్నాలుగే. ఎవరు పోయారు? ల్యాబ్ అటెండర్... ల్యాబ్ అటెండర్ లేడు. చూశావా బాబాయ్, నా కోడు నిన్నే మింగేసింది. ఎక్కడ తప్పు చేశానో చెప్పు."

"నీ కోడులో తప్పు లేదమ్మా. ఇకమీదట కంప్యూటర్ టీచరే ఈ గది కూడా చూసుకోవాలట, అటెండరు అక్కర్లేదట. శుక్రవారమే నాకు ఆఖరని, నువ్వు నేర్చుకుంటానన్న రోజే నాతో సంతకం పెట్టించుకున్నారు."