మాటలు రావని రాసిన పిల్ల

తిరుత్తణి పక్క పల్లెలో అవ్వ మునగాకు దూస్తా ఉంటే, చదువులాఫీసు నుంచి వచ్చిన అమ్మాయి అరుగుమీద కూచొని రిజిస్టరు తెరిచింది.

"అవ్వా, మీ మనవరాలు తనుశ్రీకి మాటలు రావని రాసుండారు. దానికోసరం సర్కారు పంపే స్పెషల్ టీచరు వస్తా ఉండాదా?"

"మాటలు రావా! దాని నోటికి మా వీధే జడుస్తాది తల్లీ."

"మరెట్లా రాసినారు?"

"రెండేండ్ల కింద బళ్ళో చేర్చిన దినం అరవంలో పేరడిగినారు. దానికి అప్పుడు మన తెలుగు తప్ప తెలీదు, గమ్మున నిలబడింది. పచ్చగౌను, కాలికి ఒకటే చెప్పు, నాకు నిన్నటిమాదిరి ఉండాది."

"అయితే టీచరు రానే లేదా?"

"ఎందుకు రాదు? వారం వారం వస్తాది. వచ్చి ఎదురింటి జీవితకు చేతిసైగలు నేర్పిస్తాది. పాపం, దానికి పుట్టు చెవుడు. మొన్ననే ఆకలని సైగ చేసి చూపించింది, వాళ్ళమ్మ ఏడ్చేసింది."

"జీవిత పేరు ఇందులో లేదే అవ్వా."

"డాక్టరు కాగితం లేదని రాసుకోలేదంట."

"తనుశ్రీ పేరు నేను కొట్టెయ్యాల. కొట్టేస్తే ఈ వీధికి టీచరు రాదు."

అవ్వ మునగాకు పక్కకు నెట్టింది. ఉన్నమాట చెప్పి ఎదురింటి పిల్ల నోరు కొట్టినానా అనుకునింది.

"ఆ డాక్టరు కాగితం యాడ ఇస్తారు తల్లీ?"

"తిరుత్తణిలో, బుధవారం క్యాంపు. తనుశ్రీ ఇప్పుడు బళ్ళో ఉంటాది కదా? పిల్లను కండ్లారా చూడకుండా పేరు కొట్టెయ్యకూడదు. గురువారం మళ్ళా వస్తా."

"రా తల్లీ. ఇద్దరినీ ఇక్కడే కూచోబెడతా. ఒకదాని పేరు కొట్టెయ్, ఇంకొకదాని పేరు రాసుకో."