ఎద్దు సకిలించిందాకా

ఆయనొక పండితుడంట. పేరడగమాకండి, చెప్పను. తెలవక కాదమ్మే, నాలిక చివర్నే ఉంది. మా అమ్మమ్మ ఒక్కసారి నా చెవులో చెప్పి, మళ్ళీ నీ నోటెంట వస్తే చెంప పగిలిద్ది అంది. ఎందుకు చెప్పకూడదో ఆఖర్న మీకే తెలిసిద్ది. పొగాకు కర్రకి గుచ్చుతా ఇనండి, చేతులాపితే మేస్త్రి వచ్చి నా మీద పడతాడు, ముసల్ది కథలు చెప్పి కూలోళ్ళని చెడగొడతందని. ఆఁ, ఏమైందంటే, ఆ రాజ్జెంలో రాజు మంచోడే గానీ అచ్చరమ్ముక్క రాదు. గుర్రాలంటే ప్రాణం, గొడ్లంటే ప్రాణం, పండితులంటే మాత్రం హడలు. సభనిండా పండితులే అనుకో. ఎవడు నిజంగా చదివినోడో, ఎవడు గాలి కబుర్లు చెప్పేవోడో ఆ మారాజుకేం తెలుసు? మంత్రిని పిలిచి, ఏమయ్యా, ఇంతమందికి కూడు పెడతన్నాం, ఇందులో గట్టోడెవడో తేల్చేదెట్టా అన్నాడంట. మంత్రి, అదెంత పని మారాజా, ఒక పండితుడు సభలో తన పుస్తకం చదివేటప్పుడు ఇంకో పండితుడి పేరెత్తి, ఫలానాయన చెప్పినట్టు, అంటాడు గదా, ఎవడి పేరు నలుగురూ ఎక్కువ ఎత్తితే ఆడే గొప్పోడు అన్నాడంట. రాజుకి తెగ నచ్చింది. సభలో దూలానికి పండితుడికో తాడు ఏలాడగట్టారు. కింద ఒక ముసలి బంట్రోతుని కూర్చోబెట్టారు. పేరు చెవిన పడటం, ఆ తాడుకి ముడెయ్యటం, అదే ఆడి ఉద్యోగం. ఎవడి పేరు ఆడే చెప్పుకుంటే లెక్కలేదు, ఇంకోళ్ళు చెప్పాలి. బంట్రోతు పాపం అడిగాడంట, అయ్యా, పొగిడితేనే ముడెయ్యాలా, తిట్టినా ఎయ్యాలా అని. మంత్రి, అయ్యన్నీ నీకెందుకురా, పేరు ఇనపడిందా, ముడెయ్యి, అంతే అన్నాడంట. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు మనోడి సంగతి. ఆయనకి నిజంగా తెలిసిందొకటే, గుర్రం. వాళ్ళ నాయన గుర్రాల వైద్దిగం చేసేవాడంట, ఆయన దగ్గర నేర్చుకోని ఒక గుర్రపు పుస్తకం రాశాడు. మంచి పుస్తకమే, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ ఏం లాభం, ఏడాదంతా చూస్తే తాడుకి మూడే ముడులు! పక్కనోడి తాడుకి ముప్పై. ఈయనకి అన్నం సయించలా. అప్పుడేం చేశాడంటే, ఆ పుస్తకాన్నే ఇడగొట్టాడంట. తోక మీదొకటి, గిట్ట మీదొకటి, పళ్ళ మీదొకటి, జూలు మీదొకటి. ఒక పుస్తకం నాలుగైంది. నాలుగూ అయిపోయినాక కూర్చోని ఆలోచించాడు. ఆలోచించి, పాత పుస్తకం ముందేసుకోని, గుర్రం అన్నచోటల్లా మేక అని రాశాడు. మేకల శాస్త్రం! గుర్రం అన్నచోటల్లా ఒంటె అని రాశాడు. ఒంటెల శాస్త్రం! ఆ ముండమోపి ఎదవ ఒంటెని ఏనాడన్నా చూశాడా? చూశాడంటే నా చెవి కోసుకుంటా. అట్టాగే ఎద్దులది కూడా రాసి పారేశాడు. ఆ ఎనక బావులెక్కడ తవ్వాలో రాశాడు, పలుగు పట్టిన పాపాన పోలా. నచ్చత్రాలు రాశాడు, వంటలు రాశాడు, కుస్తీలు రాశాడు. కుస్తీ! బక్కప్రాణి, గట్టిగా తుమ్మితే పంచె ఊడేది, ఆయన కుస్తీ శాస్త్రం రాశాడంటే నవ్వాలో ఏడవాలో చెప్పండి.

సరే, రాస్తే సరిపోద్దా, ఎవడో ఒకడు పేరెత్తాలి గదా. మిగతా పండితుల్ని ఇంటికి పిలిచి, నేతి గారెలు పెట్టి, చూడండయ్యా, మీరు నా పేరు చెప్పండి, నేను మీ పేరు చెప్తా, అందరి తాళ్ళూ బాగుంటాయి అన్నాడంట. ఆళ్ళకి మాత్రం చేదా? ఇంక చూడు సభలో తంతు! ఒకాయన పప్పు ఎట్టా ఎనపాలో చదవతా, నచ్చత్ర శాస్త్రంలో ఫలానా వారు చెప్పినట్టు, అంటాడు. ముడి. ఇంకొకాయన వాన రాకడ చదవతా, కుస్తీ శాస్త్రంలో ఫలానా వారు చెప్పినట్టు, అంటాడు. ముడి. ఎవడూ ఎవడి పుస్తకం ఇప్పిచూసింది లేదు. బంట్రోతు చేతి ఏళ్ళు బొబ్బలెక్కినాయంట. మనోడి తాడు దూలం మీదనుంచి కిందకొచ్చి, నేల మీద చుట్ట చుట్టుకుందంట. రాజు దాన్ని చూసి మురిసిపోయి, అబ్బో, ఇన్ని విద్దెల్లో ఇంత గొప్పోడు మన రాజ్జెంలో ఉండటం మన అదురుష్టం అని ముందు వరసలో పట్టుపరుపేశాడు. ఈయన కళ్ళు నెత్తికెక్కినాయి.

ఇట్టా ఉండగా ఆ ఏడు ఎండాకాలం గొడ్లకి గాలికుంటు వచ్చింది. మీకు తెలుసుగా, నోరంతా పొక్కి, గిట్టల సందుల్లో పుండ్లు పడి, కాలు కింద పెట్టలేక కుంటతాయి. ఒక పల్లెలో సుంకులమ్మని ఒకావిడ. మొగుడు పోయాడు, మూడెకరాల చేను, రెండెద్దులు. ఒకదాని పేరు మైలోడు, రెండోదాని పేరు పాలోడు. అయి దూడలప్పుడే తల్లులు పోతే, పాలల్లో గుడ్డ ముంచి నోట్లో పెట్టి సాకింది. పిల్లల్లేరు, ఆటినే పిల్లలనుకుంది. ఆ రెండూ ఉంటేనే సేద్యం, సేద్యముంటేనే కూడు. ఆవిడకి గొడ్ల సంగతి బాగా తెలుసు. ఉప్పునీళ్ళతో నోరు కడిగి, గిట్టలకి యాపనూనె రాసి, నీడపట్టున కదలకుండా కట్టేసి, రాగిజావ పోస్తా ఉంటే రెండూ కోలుకుంటన్నాయి. ఆ ఈధిలో గొడ్లన్నీ ఆవిడ చేతిమీద తేరుకుంటన్నాయి. అయితే రాజు ఊరుకుంటాడా, గొడ్లంటే ప్రాణం గదా, సభ పెట్టి, ఈ రోగానికి ఎవరి మాట ఇందాం అన్నాడు. మంత్రి తాడు చూపించాడు. ఇంకేముంది! మనోణ్ణి అడిగితే, పరుపు మీదనుంచి లెగవకుండానే, అంతా నా వృషభశాస్త్రంలో ఉంది మారాజా, చదివించుకోండి అన్నాడంట. అందులో ఏముందంటే, కాలు కుంటితే నీడన కట్టరాదు, ఎండలో పరిగెత్తించాలి, సకిలించిందాకా పరిగెత్తించాలి, సకిలిస్తే రోగం పోయినట్టు, అని ఉంది. ఏందే నవ్వుతావు? అవును, సకిలించిందాకా! గుర్రం తీసి ఎద్దుని పెట్టాడే గానీ, సకిలింపు తియ్యటం మర్చిపోయాడు ఆ మహానుభావుడు. రాజు, పరిగెత్తించాలన్న దాకానే ఇని, ఇంకేం, పుస్తకంలో ఉన్నట్టు చెయ్యమని ఊరూరికీ బంట్లని పంపండి, ఎవరన్నా అడ్డమొస్తే కొరడా తియ్యండి అన్నాడు.

సుంకులమ్మ ఇంటికి నలుగురు బంట్లొచ్చారు. మైలోడి తాడిప్పారు. అయ్యా, కాళ్ళు పుండ్లయ్యా, మీ కాళ్ళు పట్టుకుంటా, నాలుగు రోజులాగితే దానంతటదే తిరిగిద్దయ్యా అని ఏడ్చింది. మాకేం తెలవదమ్మా, రాజాజ్ఞ, అన్నారు. మిట్టమధ్యాన్నం ఆ కాలే ఇసకలో మైలోణ్ణి పరిగెత్తించారు. అది అంబా అని అరిచింది. ఒక బంటు, అరిచింది గదా ఆపుదామా అంటే, ఇంకొకడు, ఇది సకిలింపు కాదు, కానియ్ అన్నాడంట. గిట్టలూడినాయి. అయినా కానియ్ అన్నారు. అది ఎనక్కి తిరిగి సుంకులమ్మ ఎక్కడుందా అని చూసిందంట. చూసి పడిపోయింది, మళ్ళీ లెగవలా. ఆ నీళ్ళ చెంబిటియ్యి. ఆఁ. బంట్లు చెమట తుడుచుకోని, ఇది సకిలించకుండానే చచ్చింది, సోమారం వచ్చి రెండోదాన్ని చూస్తాం అని ఎళ్ళిపోయారు. సుంకులమ్మ ఏడుస్తా కూర్చోలా. పాలోణ్ణి కొట్టంలో పెట్టి, పక్కింటావిడకి జావ సంగతి చెప్పి, నడుచుకుంటా రాజు సభకి పోయింది.

పోయి ఏం చేసింది, ఎవరన్నా ఏం చేస్తారు, నోరు తెరిచి తిట్టింది. పేరు పెట్టి తిట్టింది! ఒరేయ్ ఫలానావోడా, నా బిడ్డని చంపావు గదరా, ఫలానావోడా, నీ చేతులిరిగిపోను, అని దుమ్మెత్తి పోసింది. బంట్రోతు ముడేశాడు. మళ్ళీ పేరెత్తింది. మళ్ళీ ముడేశాడు. మనోడు పరుపు మీద కూర్చోని చిన్నగా నవ్వుతన్నాడంట. తిట్టమ్మా, కడుపు మంట తీరిందాకా తిట్టు, అన్నాడంట! ఆఖరికి రాజు, చూశావా అమ్మా, పల్లెటూరిదానివి, నువ్వు కూడా ఇన్నిసార్లు ఆయన పేరే చెప్తన్నావంటే ఆయన ఎంత గొప్పోడై ఉండాలి, అన్నాడు. సుంకులమ్మ బిత్తరపోయింది. పైకి చూసింది, తాడు చూసింది, బంట్రోతు చేతులు చూసింది. చూసి, నోరు మూసుకుంది. అర్థమైపోయింది ఆవిడకి. ఆ ఎనక ఇంక ఆ పేరు ఆవిడ నోటెంట రాలా.

మెల్లిగా, మారాజా, మీ కాడ గొడ్లెన్ని ఉన్నాయి అనడిగిందంట. వెయ్యి ఉంటాయమ్మా. చిన్నప్పటినుంచీ చూస్తన్నారా? పెయ్యదూడల్తోనే పెరిగానమ్మా. మరి ఎద్దు సకిలిచ్చిద్దా మారాజా? రాజు, ఎద్దు సకిలించేదేంది, పిచ్చిదానా, అన్నాడు. నా మైలోణ్ణి సకిలించిందాకా పరిగెత్తించారయ్యా. అది ఎట్టా సకిలిచ్చిద్ది? అందుకనే చచ్చింది. సోమారం రెండోదాని కోసం వస్తారంట, అది మాత్రం ఏం సకిలిచ్చిద్ది మారాజా, దానికీ రాదు. రాజు ఆ పుస్తకం తెప్పించి మొత్తం చదవమన్నాడు. ఎద్దుకి నోరు పొక్కితే కళ్ళెం తీసెయ్యాలని ఉంది. ఎద్దు జూలు రోజూ దువ్వాలని ఉంది. ఎద్దు మీద జీను జారకుండా కట్టాలని ఉంది. రాజు పండితుల వైపు తిరిగి, మీరందరూ దీన్ని పొగిడారు గదా, చదివిందెవరు, చెయ్యెత్తండి అన్నాడు. ఒక్క చెయ్యి లెగవలా. మనోణ్ణి అడిగాడు, అయ్యా, సకిలించే ఎద్దుని మీరు చూశారా? ఆయన ఏమన్నాడనుకున్నారు? తప్పైందన్నాడనుకున్నారా? మారాజా, ఆ పుస్తకాన్ని ఇరవై నలుగురు పండితులు ఎత్తి చెప్పారు, అన్నాడంట! థూ. అప్పుడు గూడా ముడుల లెక్కే.

రాజుకి కళ్ళనీళ్ళు తిరిగినాయి. ఆజ్ఞ రద్దు, గొడ్ల జోలికి ఎవరూ పోవద్దు, సుంకులమ్మ చెప్పినట్టు చెయ్యండి అన్నాడు. ఈ పండితుడికి గుండు గీసి, గాడిదెక్కించి, పేరు పెట్టి చాటింపేస్తా ఊరూరా తిప్పండి అన్నాడు. సుంకులమ్మ అడ్డమొచ్చింది. వద్దు మారాజా, తిప్పితే ఊరూరా తిడతారు, తిడితే పేరెత్తుతారు, ఆయనకి కావాల్సిందదే, ఆయన్నొదిలెయ్యండి, ఆ పేరు మాత్రం ఈ రాజ్జెంలో ఎవరూ ఎత్తకుండా చెయ్యండి, పొగడొద్దు, తిట్టనూ వద్దు, అందంట. అట్టాగే చేశారు. ముందు మిగతా పండితులే మానేశారు, ఆళ్ళంత జాగర్తపరులెవరు? ఏడాది గడిచింది, తాడుకి ఒక్క ముడి పడలా. ఈయనకి పిచ్చెక్కినట్టైంది. ఊరూరా తిరిగి, నేనమ్మా, ఫలానా, నన్ను గుర్తుపట్టలేదా అంటాడు. జనం మొహం చూసి పోతారు. తిరిగి తిరిగి సుంకులమ్మ వాకిట్లోకి వచ్చాడంట. ఆవిడ పాలోణ్ణి కడగతా ఉంది. అమ్మా, నీ ఎద్దుని చంపింది నేనేనమ్మా, పేరు పెట్టి ఒక్క తిట్టు తిట్టమ్మా, ఒక్కటి చాలు, అన్నాడు. ఆవిడ కడుపులో ఎంత మంటుండాలి చెప్పండి? చెయ్యాపలేదంట. ఎవరయ్యా నువ్వు, దాహమేస్తే ఆ కడవలో నీళ్ళున్నాయి, తాగి పో, అందంట.

అదమ్మా సంగతి. రాజు ఇంకో ఎద్దునిచ్చాడు, పాలోడికి జోడీ కుదిరింది, చేను పండింది, అన్నీ జరిగినాయి. మైలోడు మాత్రం రాలేదు గదా. ఏందే, మళ్ళీ పేరడుగుతున్నావు? ఇంతసేపూ ఏమిన్నావే నువ్వు? ఆ తాడు ఏ దూలానికన్నా ఇంకా ఏలాడతందేమో, ఆ బంట్రోతు మనవడెవడన్నా కింద కూర్చోని చెవులు రిక్కించుకోనున్నాడేమో, నా నోటెంట ఒక్క ముడి కూడా పడనియ్యను. నీకంత పేర్లు కావాలంటే మైలోడి పేరు చెప్పు, ఎన్నిసార్లన్నా చెప్పు, ఎవరొద్దన్నారు. ఇదుగో, నీ కర్ర సగం కూడా నిండలా, ఆకు గుచ్చు.