బియ్యం డ్రమ్ములో పుస్తకం

పెన్సిలే కదమ్మా! పెన్నుతో రాశానా? అంత కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తావేం?

సరే, తప్పే. లైబ్రరీ పుస్తకంలో రాయకూడదు. బొమ్మ వేసి మరీ గోడకి అంటించారు, చూశాను. కానీ ఏం చెయ్యను తల్లీ, యాభై ఎనిమిదో ఏట మా చర్చి ఆడవాళ్ళ క్లాసులో అఆలు దిద్దినదాన్ని. చేతిలో పెన్సిలు లేకపోతే నా చూపు అక్షరం మీద నిలవదు.

నిరుపమవి కదూ? నీ మెళ్ళో బిళ్ళ మీద ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివాను. దేశంకాని దేశంలో, ఈ పాపకూర ఊరి లైబ్రరీలో తెలుగు పిల్ల దొరికిందని సంబరపడ్డాను. ఇప్పుడు చీవాట్లు కూడా తెలుగులోనే పడతాయి కాబోలు!

నవ్వుతున్నావా? నవ్వు, నవ్వు. సంగతి వింటే ఇంకా నవ్వుతావు.

ఇది మా అమ్మాయి కోసం తీసుకున్నానమ్మా. డెబోరా. ఇక్కడే ముసలివాళ్ళ హోమ్‌లో నర్సు. నలభై ఒక్కేళ్ళు. దానికి ఆటిజం అని మొన్నీమధ్య తేల్చారు. "అది పిల్లలకి కదే వచ్చేది" అన్నాను. "ఆ పిల్లలు పెరగరా అమ్మా?" అంది. నిజమే సుమా! పెరుగుతారు కదా. నా బుర్రకి తట్టలేదు.

అప్పట్నుంచీ పుస్తకాల వేట. తెచ్చినవన్నీ తల్లుల కోసం రాసినవే. అట్ట మీద రంగురంగుల రైళ్ళు, లోపల మీ బాబుని ఇలా నిద్రపుచ్చండి, అలా తినిపించండి అని. "పొద్దున్నే లేచి డ్యూటీకెళ్ళేదాన్ని, నాకోసం రాసింది ఏదీ?" అని విసిరేసేది.

నేనూ సాయం చేశాన్లే. చర్చిలో జోసఫిన్ గారినడిగి స్వస్థత ప్రార్థనల పుస్తకం తెచ్చిచ్చాను. పెద్ద పెద్ద అక్షరాలు, నాకైతే హాయిగా ఉంది. డెబోరా మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆఖరికి ఒక పేరు రాసి ఫ్రిజ్‌కి అంటించింది. తనకి ఆటిజమని పెద్దయ్యాక తెలుసుకున్న ఒకావిడ తన సంగతి తనే బొమ్మలతో రాసుకున్న పుస్తకం. నేను ఆ కాగితం ఫోన్‌లో ఫొటో తీసుకొచ్చి, మీ అరల్లో అక్షరం అక్షరం పోల్చి చూసి, పట్టేశాను! డెబోరా కంటే ముందే! ఎంత మురిసిపోయానో.

బస్సులో తెరిచాను. అక్కడే చెడింది.

ఇంగ్లీషు కొరుకుడు పడని చోట ఫోన్ పెడితే తెలుగులో చెప్తుంది కదా. అదేం తెలుగమ్మా! ధ్వని సంబంధిత అసహనముట. మూడుసార్లు విన్నాక అర్థమైంది, మిక్సీ వేస్తే మంచం కింద దూరడమని. మా డెబోరా!

పక్కన రాశాను, 'అవును. ఆరేళ్ళప్పుడు' అని. తర్వాతి పేజీలో రోజూ ఒకే కంచం, ఒకే తిండి. 'అవును. మూడేళ్ళు పెరుగన్నమే.' ఆ తర్వాత, కాగితం దొరికినా గుడ్డ దొరికినా వేళ్ళతో తడుముతూ కూచోవడం. 'అవును. ఇప్పటికీ.' అవును, అవును అని రాసుకుంటూ కూచుంటే మా స్టాపు దాటిపోయి, బస్సు నన్నెక్కడో దింపింది.

ఇంటికెళ్ళి ఇవ్వలేకపోయాను. బియ్యం డ్రమ్ములో దాచాను. ఇదిగో, అట్ట మడతలో నూకలు చూడు.

డెబోరా ఏమో ఈ పుస్తకం కోసం మీ దగ్గర పేరు రాయించుకుని కూచుంది. "ఐదు వారాలైందమ్మా, ఎవరో పట్టుకుని వదలట్లేదు" అని నాతోనే చెప్పుకుంటుంది. ఆ డ్రమ్ములో బియ్యమే కడుగుతున్న నాతో! "ఎవరో బుద్ధిలేని మనిషి" అంటుంది. "అవునే, ఎవరో" అంటాను. గడువు పెంచమంటే మీ మెషీను కూడా కుదరదంది, ఎవరో అడుగుతున్నారట. ఎవరోనట!

ఎందుకు దాచానా?

మొదటి డాక్టరమ్మ ఒకావిడ నన్ను విడిగా కూచోబెట్టింది. ఫోన్‌లో తెలుగు మనిషిని పెట్టి అడిగించింది. మీ అమ్మాయి చిన్నప్పుడు శబ్దాలకి భయపడేదా? అబ్బే. అందరితో ఆడుకునేదా? వీధి వీధంతా దాని స్నేహితులేనండీ. తిండి? పెట్టింది తినేది, బంగారు తల్లి. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళకి చెప్పినట్టు చెప్పానమ్మా! నా పిల్లకి వంక పెడతారేమోనని. బయటికొచ్చి, "అన్నీ బాగా చెప్పానే" అని గొప్పలు కూడా పోయాను.

ఆవిడ రాసేసింది, చిన్ననాటి ఆనవాళ్ళేవీ లేవని, ఆటిజం కాదని.

డెబోరా నన్నేమీ అనలేదు. "పాపం, అమ్మకి గుర్తుండవులే" అంది. నాకా గుర్తులేనిది!

మళ్ళీ ఇంకో డాక్టరు, తెనాలి నుంచి పాత స్కూలు కాగితాలు, ఏడాదిన్నర. ఆ మధ్యలో ఒకరోజు డ్యూటీ నుంచొచ్చి, షూ కూడా విప్పకుండా వంటింట్లో నించుని అడిగింది. "అమ్మా, నేను ఊరికే వేషాలేస్తున్నానా?"

నేనేమన్నానో తెలుసా? "టీ చల్లారిపోతోంది, తాగు" అన్నాను.

ఆ ఆఖరి పేజీ చూడు. 'డెబోరా, నాకు అన్నీ గుర్తున్నాయి. డాక్టరమ్మకి అబద్ధం చెప్పాను. అమ్మ.' ఎందులోనూ చూడకుండా నా అంతట నేను రాసిన మొదటి ఉత్తరం తల్లీ. అదీ ఊరందరి పుస్తకంలో!

ఇలాగే ఇచ్చెయ్యవూ తర్వాతి మనిషికి? ఎవరో నువ్వు చెప్పకూడదులే, నాకు తెలుసులే.

కుదరదా. చెరపాలా. సరే, ఆ రబ్బరు ఇలా ఇవ్వు. రాసినదాన్ని నేనే చెరుపుతాను.

పోయింది మిక్సీ. పోయింది పెరుగన్నం. ఇన్ని అవునులు రాశానా నేను? ఆ ముక్క డాక్టరమ్మ ముందు ఒక్కసారి అంటే సరిపోయేది.

ఇక ఈ ఆఖరి పేజీ ఉత్తరం... ఆగాగు. ఇది చూడు. నలుపు పోయింది, గుంట పోలేదు! మా క్లాసు టీచరు ప్రేమజ్యోతి అప్పుడే అనేది, "పెద్దమ్మా, అంత నొక్కకు, నాలుగు పేజీల కిందికి అచ్చు పడుతోంది" అని. అంత వయసులో నేర్చుకున్న చెయ్యి, నొక్కకపోతే అక్షరం పారిపోతుందని భయం. ఎంత రుద్దినా పోదే! వేలు పెట్టు, ఇక్కడ. తగులుతోందా?

లేదా? నీకెందుకు తగులుతుందిలే. తడిమే అలవాటున్న వేళ్ళకి తగులుతుంది.

ఆ బీప్ ఏమిటి? డెబోరాకి మెసేజ్ వెళ్ళిపోయిందా, పుస్తకం వచ్చిందని? అయ్యో! మూడున్నరకి డ్యూటీ దిగుతుంది. నాలుగుకల్లా ఇక్కడుంటుంది.

నాది మూడు నలభై బస్సు. అదెక్కితే ఇంటికెళ్ళి ఏమీ ఎరగనట్టు బియ్యం కడుక్కోవచ్చు. అందులో నన్ను మించినవాళ్ళు లేరు.

అదుగో, వెళ్ళిపోయింది బస్సు. నీతో మాటల్లో పడి చూసుకోలేదమ్మా. కాదులే, నీకెందుకు అబద్ధం, చూస్తూనే వదిలేశాను.

ఆ తలుపు ఎదురుగా కుర్చీ ఖాళీయేనా?